పరదేశి మూల

మా చెల్లెలి మనవరాలు బాపట్లలో వ్యవసాయం చదువుతోంది. ఆదివారం వచ్చిందంటే తెనాలిలో నా ఇంట్లో వాలిపోయి, హాస్టల్లో వారం రోజులు పడ్డ పస్తులన్నీ ఒక్క పూటలో తీర్చుకుని పోతుంది. మొన్న ఆదివారం గోంగూర పచ్చడి కలుపుతూ కలుపుతూ ఆగి, ఎడంచేత్తో ఫోను తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టింది.

“అమ్మమ్మా, ఇది చూడు. ఈ పిట్ట వీపుకి చిన్న యంత్రం కట్టారు. ఎక్కడెక్కడ తిరిగిందో గీత పడిపోతుంది. ఇదిగో, ఇక్కణ్ణించి బయల్దేరి, ఇంత దూరం పోయి, ఏడాది తిరిగేసరికి మళ్ళీ అదే బీడుకి వచ్చింది. అంత భూమి ఉంటే, అదే చోటికి!”

కళ్ళజోడు పెట్టుకుని చూశాను. గీత సంగతి నాకేమీ అర్థం కాలేదు గానీ, పక్కన ఉన్న బొమ్మ చూసేసరికి చేతిలో నేతి గరిటె అలాగే ఉండిపోయింది. తెల్లటి పొడుగాటి మెడ, నెత్తిన నల్లటోపీ, ఎండుగడ్డి రంగు వీపు. అరవై ఏళ్ళయింది దాన్ని చూసి.

“ఇందులో వింతేముందే? ఇది మా ఊరి పరదేశి. అది అదే చోటికి వస్తుందని నాకు తొమ్మిదేళ్ళప్పుడే తెలుసు” అన్నాను.

“దీన్ని బట్టమేక పిట్ట అంటారు అమ్మమ్మా. మెట్ట బీళ్ళలో ఉండేది. మన డెల్టాకి ఎందుకొస్తుంది? నువ్వు చూసింది ఏ కొంగనో అయ్యుంటుంది.”

కొంగట! ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పినదాన్ని, ఊరంతా కొంగల మధ్య పెరిగినదాన్ని, నాకు కొంగ తెలియదా? ఒళ్ళు మండింది. “చెయ్యి కడుక్కుని కూర్చో, చెప్తాను. కొంగల సంగతి కూడా వస్తుంది ఇందులో” అన్నాను.

మా ఊరు రేపల్లెకీ, నగరం అనే ఊరికీ నడుమ. ఎటు చూసినా వరే. కాలవ, గట్టు, వరిచేను, మళ్ళీ కాలవ. అలాంటి చోట ఊరికి తూర్పున ఆరెకరాల చవుడు బీడు ఒకటి ఉండేది. వరి వేస్తే ఉప్పుకి మాడిపోయేది గనక గడ్డికి వదిలేశారు. ఇళ్ళ కప్పులకి వేసే గడ్డి అక్కడ మోకాలెత్తు పెరిగేది. తూర్పు మూలన రేగుపొదలు. ఆ బీడు పెద్ద ఆసామిది. ఊళ్ళో అందరికంటే ఎక్కువ పొలం ఆయనదే. ఊరికి విడిగా ఉండే మా పల్లెలో పెద్దవాళ్ళు ఆయన్ని బాబుగారు అనేవాళ్ళు, పిల్లలం తాతగారు అనేవాళ్ళం.

క్రిస్మస్‌కి ముందు మా వాళ్ళంతా ఇళ్ళ కప్పులు కొత్తగా వేసుకునేవాళ్ళు. ఆ గడ్డి కోతకి మా నాయనమ్మ పెద్ద. కొడవలి నడుముకి దోపుకుని, పొగాకు ముక్క బుగ్గన పెట్టుకుని ఆవిడ ముందు నడిస్తే పదిమంది ఆడవాళ్ళు వెనక నడిచేవాళ్ళు. మధ్యాహ్నం గట్టు మీద అందరి గిన్నెలూ విప్పేవాళ్ళు. చద్దన్నం, ఉల్లిపాయ, ఎండురొయ్యల పొడి. కోసిన గడ్డి వాసనా, ఆ రొయ్యపొట్టు వాసనా కలిసిపోయి ఉండేవి. ఇప్పటికీ ఎండురొయ్యలు వేయిస్తే నాకు కొడవళ్ళ చప్పుడు వినిపిస్తుంది.

బీడంతా కోసేవాళ్ళు గానీ, ఆ రేగుపొదల మూల మాత్రం అరెకరం కోసేవాళ్ళు కాదు. అది పరదేశి మూల.

“కోతకెళ్ళినప్పుడు చేను అంచులు నున్నగా గొరిగెయ్యకూడదే. లేనోళ్ళకీ, పరదేశులకీ కాస్త వదలాలి. గుళ్ళో పాస్టరుగారు చదివితే వినలేదా?” అనేది నాయనమ్మ.

“అది మనుషుల గురించి కదా నాయనమ్మా?”

“పరదేశి అన్నారు గానీ, రెక్కలున్న పరదేశి పనికిరాడని ఎవురన్నా చెప్పారా? నోర్మూసుకుని గడ్డి మోయి.”

గుడి ముందు వెదురుకి కట్టిన క్రిస్మస్ నక్షత్రం జనవరిలో దించేలోపు ఆ పిట్ట వచ్చి తీరేది. ఎక్కణ్ణించి వచ్చేదో ఎవరికీ తెలియదు. ఒంటరిగా, బరువుగా రెక్కలు కొట్టుకుంటూ వచ్చి, కోసిన బీడు నడుమ దిగేది. నా నడుమెత్తు ఉండేది. దిగాక నాలుగు దిక్కులా మెడ తిప్పి చూసి, పెళ్ళిపెద్దలా నింపాదిగా నడుచుకుంటూ ఆ మూలకి చేరేది. మిడతలు తినేది, రాలిన రేగుపళ్ళు తినేది. రేగుపళ్ళు అయిపోయేదాకా ఉండి, ఒక పొద్దున చూస్తే ఉండేది కాదు.

అది ఉన్నన్నాళ్ళూ ఆ చుట్టుపక్కల ఎవరూ గొంతెత్తకూడదు. ఇది కూడా మా నాయనమ్మ చట్టమే. గాజులు మోచేతి దాకా ఎగదోసుకోవాలి, దగ్గొస్తే కొంగు అడ్డం పెట్టుకోవాలి. ఒకసారి ఇద్దరు ఆడవాళ్ళు గడ్డిమోపు దగ్గర పోట్లాడుకున్నారు. తిట్లేమో సామాన్యమైనవి కావు, అవతలివాళ్ళ ఏడుతరాలనీ కడిగేస్తున్నారు. కానీ అన్నీ గుసగుసలే! “నీ నోట మన్నుపడ” అని ఒకావిడ చెవిలో రహస్యంలా అంటే, “నీ వంశం గంగలో కలవ” అని రెండో ఆవిడ అంతకంటే మెల్లగా అంది. చివరికి ఇద్దరికీ నవ్వొచ్చి, నవ్వు బయటికి రాకుండా నోళ్ళు మూసుకుని గట్టు మీద కూలబడ్డారు.

పెద్ద ఆసామికి అది చుట్టం. సాయంత్రం మా నాయనమ్మ గడ్డిమోపుతో వాళ్ళ అరుగు ముందు నించి వెళ్తుంటే, “ఏమే, చుట్టం దిగాడా?” అని అడిగేవాడు.

“దిగాడండి బాబుగారూ. దోవలో చిక్కినట్టున్నాడండి, మెడ సన్నబడింది.”

“మన రేగుపళ్ళు తింటే వాడే పుంజుకుంటాడులే.”

ఆయన మనవరాలూ నేనూ ఒకే తరగతి. ఇద్దరం కలిసి తేగలు కాల్చుకుని తినేవాళ్ళం, కానీ వాళ్ళ ఇంట్లో చూస్తే ఊరుకోరు గనక రేగుపొదల చాటున. మా పల్లె పిల్లలం వాళ్ళ అరుగు దాకానే వెళ్ళేవాళ్ళం, గడప దాటేవాళ్ళం కాదు. అప్పట్లో అదేమీ తప్పనిపించేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే మనసుకి కష్టంగానే ఉంటుంది. అయినా నా నేస్తం మంచిది. తేగ లోపలి లేత మొలకని చందమామ అంటాం, అది నాకే పెట్టేది.

నాకు తొమ్మిదేళ్ళు వచ్చిన ఏడు గడ్డికోతలు అయిపోయాక అది బడిలో ఏడుపు మొహం పెట్టుకుని వచ్చింది.

“మా నాన్న బీడు దున్నేస్తానంటున్నాడే. కొత్త పిల్లకాలవ తవ్వించాడు కదా, ఆ నీళ్ళతో చవుడు కడిగేస్తే వరి పండుతుందంట. తాతయ్యేమో పిట్టొచ్చే చోటు దున్నొద్దన్నాడు. రాత్రి ఇద్దరికీ పెద్ద గొడవ. చివరికి తాతయ్య ఏమన్నాడో తెలుసా? ‘ఈ ఏడు పండగలకి పిట్టొచ్చి దిగితే, నేను బతికుండగా ఆ బీడులో నాగలి పెట్టకూడదు. దిగకపోతే నీ ఇష్టం’ అన్నాడు.”

“అంతేనా? అది రాకుండా ఉంటుందా?” అన్నాను నేను. అన్నానే గానీ ఊరుకోలేకపోయాను. ఆ సాయంత్రం ఇద్దరం బీడుకి వెళ్ళి చూశాం. పరదేశి మూలలో గడ్డి ఎండి, పసుపుపచ్చగా పండిపోయి, గాలికి గలగలమంటోంది. మాకు జాలేసింది. ఎంతో దూరం నించి వచ్చే చుట్టం, ఈ ఎండుగడ్డి చూసి దిగుతుందా?

మేం డెల్టా పిల్లలం. మొక్క వాడితే నీళ్ళు, గేదె నీరసపడితే నీళ్ళు, ఎండాకాలం వాకిట్లో నీళ్ళు, చుట్టం వస్తే ముందు కాళ్ళకి నీళ్ళు. నీళ్ళు పెడితే బాగుపడనిది ఈ లోకంలో ఉందని మాకు ఎవరూ చెప్పలేదు. నా నేస్తం వాళ్ళ కొట్టంలోంచి పార తెచ్చింది. కొత్త పిల్లకాలవ గట్టుకి జానెడు గండి కొట్టాం. నీళ్ళు బుడబుడమంటూ ఆ మూలకి పాకుతుంటే ఇద్దరికీ పండగే. పొద్దుగూకాక మట్టి తోసి పూడ్చి ఇళ్ళకి వచ్చేశాం. అలా రెండు రోజులు. మూడో రోజు గండి సరిగ్గా పూడ్చలేదో ఏమో, ఆ తర్వాత గట్టు తెగింది. ఊరంతా వరికోతల హడావుడిలో ఉంది, అటు ఎవరూ పోలేదు.

నాలుగు రోజుల తర్వాత వెళ్ళి చూస్తే సగం బీడు తళతళలాడుతోంది. కప్పలు, కొత్త తుంగ, అప్పుడే లేచిన పచ్చిక. దాని మీద తెల్లగా యాభై కొంగలు.

“చూశావా, ఎంత బాగుందో! ఇన్ని పిట్టలొచ్చాయంటే మనది రాదా?” అంది నా నేస్తం. నేను గర్వంగా నిలబడ్డాను.

క్రిస్మస్ మర్నాడు. కొత్త లంగా కట్టుకుని, చేతిలో అరిసె పట్టుకుని, నాయనమ్మ వెనకాల చేలగట్టున నడుస్తున్నాను. ఆవిడ ఆగి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసింది. అదే. ఉత్తరం నించి వస్తోంది. బీడు మీదికి వచ్చి కిందికి దిగింది, కాళ్ళు చాపింది, మళ్ళీ లేచింది. ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టు. మూడోసారి మా నెత్తి మీదుగా ఎంత తక్కువ ఎత్తులో వెళ్ళిందంటే రెక్కల గాలి చప్పుడు వినిపించింది. తర్వాత బాపట్ల వైపు పోయింది. చుక్కంత అయి, అదీ లేకుండా పోయింది.

నాయనమ్మ గబగబా బీడు దాకా నడిచింది. నీళ్ళని చూసింది, గండి చూసింది, గండి పక్కన ఎండిన బురదలో చిన్న పాదాల అచ్చులు చూసింది. నా వైపు తిరిగింది. ఆవిడ కొడుతుందనుకున్నాను. కొట్టలేదు, కింద కూర్చుండిపోయింది.

“అన్నిటికీ నీళ్ళేనా మందు, పిచ్చిముండా? దానికి కావాల్సింది కనుచూపే. నాలుగు పక్కలా ఆరిన నేల కనపడితేనే అది కాలు పెడతది. బురదలో ఎట్టా దిగిద్ది?”

అప్పుడు ఏడ్చిన ఏడుపు నేను మళ్ళీ మా నాయన పోయినప్పుడే ఏడ్చాను.

నాయనమ్మ నా రెక్క పుచ్చుకుని తిన్నగా పెద్ద ఆసామి అరుగు దగ్గరికి లాక్కుపోయింది. ఆయన కొడుకు అప్పటికే అక్కడ ఉన్నాడు. పిట్ట దిగలేదన్న కబురు మాకంటే ముందే చేరినట్టుంది.

“మాటంటే మాట నాన్నా. దిగలేదుగా” అంటున్నాడు.

“చెప్పు” అని నాయనమ్మ నన్ను ముందుకి తోసింది. వెక్కుతూ మొత్తం చెప్పాను. పార ఎవరిదో చెప్పలేదు. తలుపు చాటున నా నేస్తం లంగా అంచు కనపడుతూనే ఉంది. కాసేపటికి అదే బయటికి వచ్చి నా పక్కన నిలబడి, “పార నేనే తెచ్చాను తాతయ్యా” అంది.

పెద్ద ఆసామి మా ఇద్దరి వైపూ చూశాడు. తర్వాత కొడుకుతో అన్నాడు:

“చుట్టం మన వాకిటి దాకా వచ్చాడు. మనవాళ్ళే ముంగిలంతా బురద చేసి పెట్టారు. మూడుసార్లు అటూ ఇటూ చూసి, కాలు పెట్టే చోటు లేక పోయాడు. దాన్ని చుట్టం రాలేదంటామంట్రా? తప్పు వాడిదా, మనదా?”

“మరయితే ఏంటంటావు నాన్నా?”

“ఇంకొక్క ఏడు ఆగు. బీడు ఎండనియ్యి. అప్పుడు కూడా దిగకపోతే నేనే నాగలి పట్టి తొలిచాలు వేస్తాను.”

ఆ ఏడాదంతా నేను ఎలా బతికానో నాకే తెలుసు. రోజూ బడి నించి వస్తూ ఆ బీడు చూసి వచ్చేదాన్ని. వాన పడితే తిట్టుకునేదాన్ని. డెల్టాలో పుట్టి వానని తిట్టింది నేనొక్కదాన్నేనేమో! ప్రార్థనలో అందరూ ఏవేవో అడిగేవాళ్ళు, నేను మాత్రం “ప్రభువా, చవుడు ఎండేటట్టు చెయ్యి” అనేదాన్ని. మా పాస్టరుగారు ఒకసారి విని, తెల్లబోయి, ఆమేన్ అన్నారు.

ఈలోపు పెద్ద ఆసామికి శుక్లాలు ముదిరాయి. దీపావళి నాటికి వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలిసేది కాదు. ఒకరోజు అరుగు ముందు నన్ను పిలిచి, “ఏమే గండిదానా, ఈసారి నా కళ్ళు నువ్వే. రోజూ చూసొచ్చి చెప్పు” అన్నాడు. గండిది అని నాకు పేరు పడిపోయింది లెండి.

రోజూ వెళ్ళి చెప్పేదాన్ని. “రాలేదు తాతగారూ.” “ఇంకా రాలేదు తాతగారూ.” క్రిస్మస్ అయిపోయింది. ఆయన మొహం రోజురోజుకీ దిగులుపడిపోతోంది. కొడుకు నాగలి కర్రు సానపట్టించి చావిట్లో ఆనించి పెట్టాడు. ఒకరోజు అది చూసి నాకు తట్టుకోలేనంత భయమేసింది. వీధి చివర్నించే పరిగెత్తుతూ, “వచ్చింది తాతగారూ! పరదేశి వచ్చింది!” అని కేకలు పెట్టాను.

ఆయన నవ్వాడు. “అబద్ధం.”

“నిజంగా తాతగారూ!”

“వస్తే నువ్వు ఇట్టా అరుస్తావటే? మీ నాయనమ్మ ఊరుకుంటుందా?” అని దగ్గరికి రమ్మని, “నా కోసం అబద్ధం ఆడబాక. రాకపోతే రాలేదని చెప్పు. తట్టుకుంటాను” అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

నక్షత్రం దించే రోజు వచ్చింది. ఆ పొద్దున మంచు విడవలేదు. గట్టు మీద నిలబడి చూస్తే ఏమీ కనపడలేదు. వెనక్కి తిరగబోతుంటే, కోసిన గడ్డి మొదళ్ళ నడుమ ఏదో తెల్లగా కదిలింది. పొడుగాటి మెడ. నాలుగు దిక్కులా తిరిగి చూసింది, నన్ను కూడా చూసింది. తర్వాత నింపాదిగా నడుచుకుంటూ రేగుపొదల వైపు పోయింది.

చెప్పులు అక్కడే విడిచేసి నడిచాను. పరిగెత్తలేదు. అరుగు దగ్గరికి వెళ్ళి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టాను. “తాతగారూ” అన్నాను, అంతే.

ఆయన చేతికర్ర కోసం తడుముకున్నాడు. “పద” అన్నాడు, ఆయన కూడా గుసగుసగానే.

నా భుజం మీద చెయ్యి వేసుకుని వీధి వెంట నడిచాడు. మా పల్లె పిల్ల భుజం మీద ఆయన చెయ్యి చూసి కొందరు మొహాలు తిప్పుకున్నారు. ఆయనకి కనపడలేదు. కనపడినా లెక్కచేసేవాడు కాదనుకుంటాను. ఆయన్ని బీడు గట్టు మీద నిలబెట్టాను.

“ఏం చేస్తోంది?”

“రేగుపళ్ళు తింటోంది తాతగారూ.”

“పళ్ళా, కాయలా?”

“పళ్ళే.”

“మంచిది. చిక్కిందా?”

“కొంచెం.”

ఆయన చూపులేని కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. అంతలో వెనక సైకిలు బెల్లు గణగణమంది. కొడుకు. “నాన్నా! ఈ మంచులో ఎక్కడికి...” అని అరవబోయాడు. పెద్ద ఆసామి వెనక్కి తిరగకుండానే చెయ్యెత్తాడు. కొడుకు సైకిలు దిగి, బెల్లు మీద అరచెయ్యి పెట్టి మూశాడు. మెల్లగా వచ్చి మా పక్కన నిలబడి రేగుపొదల వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

“అమ్మో, ఎంత పెద్దదో” అన్నాడు గుసగుసగా. ఆ మనిషి దాన్ని దగ్గరగా చూడటం అదే మొదటిసారని అప్పుడు తెలిసింది నాకు.

నాగలి కర్రు అదేరోజు చావిట్లోంచి కొట్టంలోకి పోయింది. పెద్ద ఆసామి ఇంకో ఆరేళ్ళు బతికాడు. ఆరేళ్ళూ పిట్ట వచ్చింది. ఆయన పోయిన ఏడు కూడా వచ్చింది. ఆ తర్వాత నేను టీచరు ట్రైనింగుకని ఊరు వదిలాను. నాయనమ్మ పోయింది. ఎప్పుడు రావడం మానేసిందో నాకు తెలియదు. ఎవరినీ అడగలేదు కూడా, అడిగితే చెప్తారని భయం.

కథ అయ్యేసరికి పిల్ల చేతికి పచ్చడి ఎండిపోయింది. చెయ్యి కడుక్కోమంటే కడుక్కోనే లేదు. “ఆ చోటు చూపిస్తావా అమ్మమ్మా?” అంది.

మర్నాడు కాలేజీ ఎగ్గొట్టించి మరీ తీసుకెళ్ళాను, టీచరుగా పనిచేసినదాన్ని. తెనాలిలో రేపల్లె రైలెక్కాం. జంపని స్టేషను దాటేదాకా అది ఫోనులో పిట్ట బొమ్మలు చూపిస్తూనే ఉంది, “టోపీ ఇలాగే ఉండేదా? మెడ ఇంతే తెలుపా?” అంటూ. రేపల్లెలో దిగి ఆటో మాట్లాడుకున్నాం.

ఊరు చాలా మారింది. తూర్పు వైపు వెళ్తే ఆ ఆరెకరాలూ రొయ్యల చెరువులు. నీళ్ళే నీళ్ళు. నీళ్ళు తిప్పే చక్రాలు మోటార్ల మీద హోరెత్తిపోతున్నాయి. గట్టుకి అటూ ఇటూ వలలు. ఒక్క రేగుపొద లేదు. అయినా నాకు చోటు తప్పలేదు. కాళ్ళు వాటంతట అవే తూర్పు మూలకి తీసుకెళ్ళాయి.

కాపలావాడు వచ్చి, “ఏం కావాలి పెద్దమ్మా?” అని గట్టిగా అడిగాడు.

“ఏంలేదు బాబూ, చూసి పోదామని వచ్చాం” అన్నాను.

“ఏంటండీ? వినపడలేదు.”

మళ్ళీ చెప్పాను. మళ్ళీ వినపడలేదు. “గొంతు బాలేదా పెద్దమ్మా?” అన్నాడు జాలిగా. అప్పుడు గమనించాను, గట్టెక్కిన దగ్గర్నించీ నేను గుసగుసగానే మాట్లాడుతున్నాను. గొంతు పెంచుదామని చూశాను. రాలేదు.

పిల్ల నా మొహం చూసింది, నీళ్ళ వైపు చూసింది. ఫోను సంచిలో పెట్టేసి, చెప్పులు విడిచి, నా పక్కకి వచ్చి నిలబడింది. ఆ మోటార్ల హోరులో, నా చెవి దగ్గర నోరు పెట్టి మెల్లగా అడిగింది:

“ఎక్కడ దిగేది అమ్మమ్మా?”